విదేశంలో ఒక ఇంటి అతిథిగా: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లకు తొలి పాఠాలు

కడప జిల్లా నుంచి విదేశాలకు వెళ్లేవాళ్లకు కొదవ లేదు. కువైట్‌కు పనికి పోయినవాళ్లు, అమెరికాలో చదువుకునే పిల్లలు, వాళ్ల దగ్గర కొన్ని నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నలు మన ఊళ్లలో ఏ వీధిలో అడిగినా తగులుతారు. కానీ డాలస్‌లో మేనల్లుడి ఇంట్లో దిగి, శనాదివారాలు తెలుగువాళ్ల ఇళ్లలో భోంచేసి తిరిగొచ్చిన వాళ్లలో చాలామందికి అక్కడి మనుషుల వంటిల్లు ఎట్లుంటుందో తెలియదు. టూర్ కంపెనీ బస్సులో ఐరోపా చుట్టి వచ్చినవాళ్ల సంగతీ అంతే. దేశాన్ని చూస్తారు గానీ ఆ దేశపు మనిషితో కూర్చుని ఒక పూట అన్నం తినరు.

ఆ లోటు తీరే దారి ఉంది. ప్రయాణికులను డబ్బు తీసుకోకుండా తమ ఇంట్లో ఒకటి రెండు రాత్రులు ఉంచుకునేవాళ్ల సంఘాలు ప్రపంచమంతా ఉన్నాయి. వాటిలో చేరి, మంచి అతిథిగా ఒక ఇంటికి వెళ్లి రావడం ఎలాగో మెట్టు మెట్టుగా చెప్పడమే ఈ వ్యాసం పని. నేను గట్టిగా నమ్మే మాట ముందే చెబుతాను. విదేశంలో ఇల్లు దొరకాలంటే ముందు మన ఊళ్లో మన ఇంటి తలుపు తీయాలి. గండికోట పక్కనే ఉన్న మనకు అది చాలామందికంటే సులువు కూడా.

మొదటి మెట్టు: ఇది ఏమిటో, ఏది కాదో తెలుసుకోండి

ఇక్కడ బసకు డబ్బు అడగరు, ఇవ్వరు. ఆతిథేయులు తమ ఇంట్లో ఒక గదో, మంచమో, సోఫానో ఇస్తారు. కొందరు భోజనం పెడతారు, కొందరు వంటిల్లు వాడుకోమంటారు. ఇంట్లో చోటు లేని సభ్యులు సాయంత్రం కలిసి ఊరు చూపించడానికి సిద్ధంగా ఉంటారు. బదులుగా వాళ్లు కోరేది మీ సమయం, మీ మాట. పొద్దున పోయి అర్ధరాత్రి వచ్చి పడుకోవడానికైతే హోటలే సరైన చోటు.

ఇది పెళ్లి సంబంధాల వేదిక కాదు, ఉద్యోగానికి దారి కాదు, ఎక్కువకాలం ఉండిపోయే ఉపాయమూ కాదు. బసకు బదులు తోటలోనో హోటల్లోనో పని చేయించుకునే ఏర్పాట్లు వేరే ఉంటాయి. పర్యాటక వీసా మీద అలా పనిచేయడం చాలా దేశాల్లో నిబంధనలకు విరుద్ధం. వాటి జోలికి పోకండి.

రెండో మెట్టు: మీకు తగిన సంఘాన్ని ఎంచుకోండి

వీటన్నిటిలో పెద్ద చరిత్ర ఉన్నది సర్వాస్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1949లో బాబ్ లూయిట్‌వైలర్ అనే అమెరికన్ యువకుడు, అతని మిత్రులు డెన్మార్క్‌లో దీన్ని మొదలుపెట్టారు. ఒక దేశంవాళ్లు ఇంకో దేశంవాళ్ల ఇంట్లో ఉండి మాట్లాడుకుంటే శత్రుత్వం తగ్గుతుందన్నది వాళ్ల ఆలోచన. ఇందులో చేరేముందు ఒక సభ్యుడు మీతో మాట్లాడి, మీరెవరో, ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో తెలుసుకుంటాడు. ఆ తర్వాతే పరిచయ పత్రం ఇస్తారు. బస మామూలుగా రెండు రాత్రులు. భారతదేశంలోనూ సర్వాస్ శాఖ ఉంది. నలభై దాటినవాళ్లకు, దంపతులకు, రిటైరైన ఉపాధ్యాయులకు ఇది బాగా సరిపోతుంది.

కౌచ్‌సర్ఫింగ్ పేరు యువతకు ఎక్కువ తెలుసు. కేసీ ఫెంటన్ అనే అమెరికన్ ఐస్‌లాండ్ వెళ్లే ముందు అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు సుమారు 1500 మందికి ఈమెయిలు పంపి బస అడిగాడు. వచ్చిన జవాబుల నుంచి పుట్టిన ఆలోచన 2004లో వెబ్‌సైట్ అయింది. 2011లో అది లాభాపేక్ష గల కంపెనీగా మారింది, 2020 నుంచి చాలా దేశాల సభ్యుల దగ్గర రుసుము వసూలు చేస్తోంది. రుసుము వద్దనుకుంటే 2007లో మొదలైన బీవెల్‌కమ్ ఉంది. దాన్ని స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు, సభ్యత్వం ఉచితం. సైకిల్ మీద దేశాలు తిరిగేవాళ్ల కోసం వామ్‌షవర్స్ 1993 నుంచి ఉంది.

మొదటిసారి ఒకే సంఘంలో చేరండి, లేదంటే రెండు. నాలుగింటిలో సగం సగం నింపిన ప్రొఫైళ్లకంటే ఒకచోట పూర్తిగా నింపినదే పనికొస్తుంది.

మూడో మెట్టు: మీ గురించి నిండుగా రాయండి

మిమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి తన ఇంటి తాళం మీకు ఇవ్వాలా వద్దా అని తేల్చుకునేది ఈ ప్రొఫైల్ చూసే. ముఖం స్పష్టంగా కనిపించే ఫొటో పెట్టండి. నల్ల కళ్లద్దాల ఫొటో, పెళ్లి ఆల్బంలోని ఫొటో వద్దు. ఇంటివాళ్లతో ఉన్నదో, పని చేసే చోట తీసినదో ఒకటి అదనంగా ఉంటే మేలు.

‘నాకు ప్రయాణాలంటే ఇష్టం, కొత్త సంస్కృతులంటే ఇష్టం’ అని అందరూ రాస్తారు. అది చదివి ఎవరూ తలుపు తీయరు. మీ ఊరి సంగతి రాయండి. ప్రొద్దుటూరువాళ్లయితే బంగారు అంగళ్ల వీధి గురించి, దసరాకు అమ్మవారిశాలలో జరిగే ఉత్సవాల గురించి చెప్పొచ్చు. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ రాసింది తమ ఊళ్లోనే అని సాహిత్యం ఇష్టపడేవాళ్లు చెప్పుకోవచ్చు. జమ్మలమడుగువాళ్లకు పెన్న, గండికోట, మైలవరం డ్యామ్ ఉన్నాయి. పులివెందులవాళ్లకు చీనీ తోటలు, అరటి తోటలు ఉన్నాయి. బోరు ఎండిపోయిన ఏడాది చీనీ చెట్టును ఎట్లా బతికించుకుంటారో మీ నాన్న చెప్పగలిగితే అది రాయండి. స్పెయిన్‌లో నారింజ తోట ఉన్న రైతు ఆ నాలుగు వాక్యాల కోసమే మిమ్మల్ని పిలవవచ్చు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. వచ్చినంతలో చిన్న వాక్యాల్లో రాయండి. పక్కింటి ఇంజనీరింగ్ పిల్లవాడితో తప్పులు దిద్దించుకోండి గానీ, మొత్తం అతనితోనే రాయించకండి. రేపు ఆ ఇంట్లో కూర్చుని మాట్లాడాల్సింది మీరే.

నాలుగో మెట్టు: ముందు మన ఊళ్లో ఆతిథ్యం ఇవ్వండి

ఈ సంఘాల్లో నమ్మకానికి కొలమానం, మీతో గడిపినవాళ్లు మీ గురించి రాసే నాలుగు మాటలు. కొత్త సభ్యుడికి అవి ఉండవు. ఎవరూ రాయనివాళ్లను పిలవడానికి జంకుతారు, ఎవరూ పిలవనివాళ్ల గురించి ఎవరూ రాయరు. ఈ చిక్కుముడి విప్పే చోటు జమ్మలమడుగు.

గండికోట జమ్మలమడుగుకు దాదాపు 15 కిలోమీటర్లు. పెన్న కోసుకుపోయిన ఎర్రటి లోయ, కోటలోని మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం చూడడానికి విదేశీయులు వస్తున్నారు. రావడం కొత్త కూడా కాదు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు రత్నాలు అమ్మాలంటే ముందు ఆయన మంత్రి మీర్ జుమ్లాకు చూపించాలి, ఆ మీర్ జుమ్లా అప్పుడు గండికోటలో ఉన్నాడు. ఆ రాకను, ఇక్కడ తనకు జరిగిన మర్యాదను తావెర్నియే తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. 1676లో అది అచ్చయ్యాక ఐరోపా పాఠకులు గండికోట పేరు చదివారు. అతిథి రాసిన మాట ఎంత దూరం పోతుందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఈనాటి యాత్రికుడికి మీర్ జుమ్లా అక్కర్లేదు. ఎర్రగుంట్లలో రైలు దిగి ఏ బస్సు ఎక్కాలో చెప్పేవాళ్లు, కోటలో ఒక పూట తోడు నడిచేవాళ్లు కావాలి. ప్రొఫైల్‌లో ‘ఇంట్లో బస ఇవ్వలేను, గండికోట చూపిస్తాను’ అని పెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టండి. పొద్దున ఉగ్గాని బజ్జీ తినిపించి కోటకు తీసుకుపోయినా చాలు. ఒక రోజు ఉందంటే బెలుం గుహలు కూడా చూపించవచ్చు. అలా ఇద్దరు ముగ్గురు మీ గురించి రాశారంటే విదేశంలో మీ అభ్యర్థనకు బరువు వస్తుంది.

ఇంట్లో ఉంచుకోవాలనుకుంటే రెండు పనులు తప్పనిసరి. మొదటిది, ఇంట్లో పెద్దవాళ్ల ఒప్పుదల. అవ్వాతాతలకు, అత్తామామలకు ముందే అంతా చెప్పండి. వచ్చేది ఎవరు, ఎన్నాళ్లు, ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు అన్నవి తేలాలి. మనసొప్పని ఇంట్లో అతిథిని ఉంచితే ఇద్దరికీ కష్టమే.

రెండోది చట్టం. విదేశీయులు బస చేస్తే, హోటలైనా మామూలు ఇల్లయినా, వచ్చిన 24 గంటల్లోపు ఆ వివరాలు ప్రభుత్వ ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. ‘సి-ఫారం’ అని అందరూ పిలిచేది దీన్నే. ముందుగా మీ ఇంటి చిరునామాతో ఖాతా తెరవాలి. అతిథి వచ్చాక పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఫొటో ఎక్కించాలి. విదేశీయుల నమోదు చూసే అధికారి జిల్లాలో ఎస్పీ. సందేహం ఉంటే స్థానిక పోలీసు స్టేషన్‌లో ముందే అడగండి. అతిథి వచ్చాక పరుగులు పెట్టేకంటే ఖాతా ముందుగా తెరిచి ఉంచుకోవడం మంచిది.

భోజనం దగ్గర ఒక సంగతి. విస్తరి ఖాళీ అయితే మనం మళ్లీ వడ్డిస్తాం. పెట్టింది పూర్తిగా తినకపోతే తప్పనుకుని విదేశీ అతిథులు కష్టపడి తింటారు. ‘చాలనుకుంటే చేయి అడ్డం పెట్టండి’ అని మొదటి ముద్దకు ముందే చెప్పండి. ఊరిబిండి, ఎర్రకారం పక్కన పెట్టి, సంగటి, పప్పు, పెరుగు ముందు పెట్టండి.

ఐదో మెట్టు: అభ్యర్థన రాయడం

ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు రాయండి. మరీ ముందు రాస్తే వాళ్లకు తమ వీలు తెలియదు, మరీ ఆలస్యమైతే తొందర పెట్టినట్టు ఉంటుంది. ఒకే ఉత్తరాన్ని పదిమందికి పంపకండి. వాళ్ల ప్రొఫైల్ అంతా చదివాకే రాశారని ఉత్తరంలో కనబడాలి. వీటిని విడవకండి: మీరెవరు, ఏ తేదీన వచ్చి ఏ తేదీన వెళతారు, ఎంతమంది, ఎందుకు వాళ్ల ఇంటినే అడుగుతున్నారు, ఏం తినరు.

ఒక నమూనా చూడండి. ఈ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసుకోవచ్చు.

‘నమస్కారం. నేను దక్షిణ భారతదేశంలోని పులివెందుల అనే ఊళ్లో బడిపంతులును. నా భార్యతో కలిసి మే 12న మీ ఊరికి వస్తున్నాను. 14 ఉదయం వెళ్లిపోతాం. మీరు ఇంట్లోనే రొట్టె కాలుస్తారని చదివాను. మా ఇంట్లో అమ్మ రోజూ జొన్నరొట్టె చేస్తుంది. మీ రొట్టె ఎట్లా చేస్తారో చూడాలని, మా రొట్టె చేసి చూపించాలని ఉంది. మేము శాకాహారులం, చేప, గుడ్డు కూడా తినం. మీకు వీలుకాకపోతే ఏమీ అనుకోము. ఒక సాయంత్రం కలిసి టీ తాగినా మాకు సంతోషమే.’

చివరి రెండు వాక్యాలు ముఖ్యం. కాదనే వీలు వాళ్లకు వదలాలి. జవాబు రాకపోయినా, కుదరదన్నా నొచ్చుకోకండి, ఒక వరుస రాసి కృతజ్ఞత చెప్పండి. ‘శాకాహారులం’ అంటే చేప తింటారనుకునే దేశాలు ఉన్నాయి కాబట్టి ఏది తినరో విడమరిచి రాయండి.

ఆరో మెట్టు: వీసా కాగితాలు

మొదటి ప్రయాణానికి శ్రీలంక, థాయ్‌లాండ్, మలేషియా లాంటి దగ్గరి దేశం ఎంచుకుంటే వీసా శ్రమ తక్కువ. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్ చూడండి.

ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలకైతే పని పెద్దది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు.

ఎక్కడ బస చేస్తారో కూడా చూపాలి. ప్రైవేటు ఇంట్లో ఉంటామంటే కొన్ని దేశాలు ఆతిథేయుల నుంచి అధికారిక పత్రం అడుగుతాయి. ఫ్రాన్స్‌లో దాన్ని ఆ ఊరి పురపాలక కార్యాలయం ఇస్తుంది, ఆతిథేయులు స్వయంగా వెళ్లి రుసుము కట్టి తీసుకోవాలి. జర్మనీలో ఆతిథేయులు సంతకం చేసే హామీ పత్రం ఉంది. అతిథి ఖర్చులకు చట్టపరమైన బాధ్యత వాళ్ల మీద పడుతుంది. ఇంకా ముఖం కూడా చూడని మనిషిని ఇంత భారం మోయమని అడగడం మర్యాద కాదు. కాబట్టి తొలి ఐరోపా యాత్రకు నిజమైన హోటల్ బుకింగులతోనే దరఖాస్తు చేయండి. నడుమ ఒకటి రెండు రాత్రులకు రద్దు చేసుకునే వీలున్న గదులు తీసుకుని, వీసా వచ్చాక ఆ రాత్రులకు ఆతిథేయులను వెతకండి. దొంగ కాగితాలు ఎన్నడూ పెట్టకండి. విమానాశ్రయంలో అడిగితే ఏ రాత్రి ఎక్కడ ఉంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పి, ఆతిథేయుల చిరునామా, ఫోను నంబరు చూపించండి.

ఏడో మెట్టు: జాగ్రత్తలు

మంచివాళ్లే ఎక్కువ. అయినా జాగ్రత్త పడడం తప్పేమీ కాదు.

- ఆతిథేయుల గురించి అతిథులు రాసినవన్నీ చదవండి. ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలు ముఖ్యంగా ఆడవాళ్లు రాసినవి చూడండి. మొదటిసారి కుటుంబాన్నో, మహిళా ఆతిథేయినో ఎంచుకోండి.
- వెళ్లేముందు ఒకసారి వీడియోలో మాట్లాడండి. పడుకునేది వేరే గదిలోనా, హాల్లోనా, తలుపుకు గడియ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.
- వీలైతే మొదట కాఫీ హోటల్లోనో, స్టేషన్లోనో కలవండి.
- చిరునామా, ఫోను నంబరు ఇంట్లో ఒకరికి ఇచ్చి, రోజూ ఏ వేళకు మెసేజి పెడతారో ముందే అనుకోండి.
- ఒక రాత్రి హోటలుకు సరిపడా డబ్బు ముట్టకుండా విడిగా ఉంచుకోండి. మనసుకు సరిపడలేదంటే కారణం చెప్పాల్సిన పని లేదు, సంచి తీసుకుని బయటికి వచ్చేయండి. తర్వాత సంఘానికి తెలియజేయండి.
- ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో అత్యవసర నంబరు 112.
- పాస్‌పోర్టు దాచమని ఎవరికీ ఇవ్వకండి. అయితే మన సి-ఫారం లాగే ఇటలీలో కూడా విదేశీ అతిథి వివరాలు 48 గంటల్లోపు పోలీసులకు తెలపాలి. అందుకోసం అడిగితే నకలు ఇవ్వండి.

ఎనిమిదో మెట్టు: ఆ ఇంట్లో ఎలా మెలగాలి

చెప్పిన వేళకు చేరండి. ఆలస్యమైతే అరగంట ముందే కబురు పెట్టండి. చెప్పులు ఎక్కడ విడవాలో, ఏ తువ్వాలు వాడాలో, రాత్రి ఎన్నింటికి పడుకుంటారో మొదటి పది నిమిషాల్లో అడిగి తెలుసుకోండి.

మన దగ్గర ‘ఇంకొంచెం’ అంటే వద్దంటాం, వడ్డించేవాళ్లు మళ్లీ బతిమాలతారు, అప్పుడు తింటాం. చాలా దేశాల్లో ఒక్కసారే అడుగుతారు. వద్దంటే నిజంగానే వద్దనుకుని గిన్నె తీసేస్తారు. ఆకలైతే మొదటిసారే సరే అనండి. జర్మనీలో చాలా ఇళ్లలో రాత్రి పూట రొట్టె, జున్ను, ముక్కలు కోసిన కూరగాయలతో చల్లటి భోజనమే ఉంటుంది. స్పెయిన్‌లో రాత్రి తొమ్మిది దాటాక భోజనానికి కూర్చుంటారు. వేడన్నం పెట్టలేదనో, ఆలస్యమైందనో చిన్నబుచ్చుకోకండి, వాళ్లు రోజూ తినేదే మీకు పెట్టారు.

స్నానాల గదిలో నేల పొడిగా ఉంచండి. చాలా దేశాల్లో నీళ్లు పోయే దారి తొట్టి లోపలే ఉంటుంది, కింద పోసుకుంటే నీళ్లు నిలిచిపోతాయి. జపాన్‌లో ముందు బయట ఒళ్లు కడుక్కుని తర్వాతే వేడినీటి తొట్టిలో దిగాలి. అదే నీళ్లలో ఇంటివాళ్లంతా దిగుతారు కాబట్టి వాటిని పారబోయకండి.

తిన్న గిన్నెలు కడగండి, పక్క సర్దండి. మగవాళ్లు ఈ పని ఆడవాళ్లకు వదిలేస్తే అక్కడ చాలా ఇళ్లలో అది మర్యాదలేనితనం. జీతం ఎంత, పెళ్లెందుకు కాలేదు, పిల్లలెందుకు లేరు అని అడగకండి. వాళ్ల ఊరి గురించి, పని గురించి, చిన్ననాటి గురించి ఎన్నైనా అడగవచ్చు.

కానుక చిన్నదే మేలు. పాలకోవా, నేతి మిఠాయిలు వద్దు. పాలతో, మాంసంతో చేసినవి ఐరోపా సమాఖ్యలోకి తీసుకుపోనివ్వరు. చీనీకాయలు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఏ తినే వస్తువైనా ముందుగా ప్రకటించి తీరాలి. నేత తువ్వాలు, గండికోట ఫొటో లాంటివి ఏ దేశానికైనా పోతాయి. అన్నిటికంటే మంచి కానుక ఒక పూట వంట. నిబంధనలు ఒప్పుకున్న చోటికి బొరుగులు, పుట్నాల పొడి తీసుకుపోతే ఉగ్గాని చేయడానికి ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, నిమ్మకాయ అక్కడే దొరుకుతాయి. కారం సగానికి తగ్గించండి. తిరగమాత వేసేముందు కిటికీ తెరవండి, పొగకు ఇంట్లో అలారం మోగుతుంది.

తొమ్మిదో మెట్టు: వచ్చాక

తిరిగొచ్చిన వారంలోపే ఆతిథేయుల గురించి నిజాయితీగా నాలుగు మాటలు రాయండి. ఏం మాట్లాడుకున్నారో, ఏం నేర్చుకున్నారో రాస్తే తర్వాతి అతిథికి పనికొస్తుంది. ఇబ్బంది కలిగి ఉంటే అదీ మర్యాదగా, స్పష్టంగా రాయండి. మొహమాటానికి దాచితే రేపు ఇంకొకరు అదే ఇంటికి వెళతారు.

ఇక్కడ లెక్క ఇద్దరి మధ్య తేలేది కాదు. లిస్బన్‌లో మీకు పక్క వేసినవాళ్లు జమ్మలమడుగు ఎన్నటికీ రాకపోవచ్చు. మీరు తీర్చుకునేది వేరేవాళ్ల దగ్గర. ఎర్రగుంట్ల స్టేషన్లో సంచి మోసుకుని దిక్కులు చూస్తున్న కొరియా పిల్లవాడికి దారి చూపి, ఒక పూట అన్నం పెడితే అప్పు తీరినట్టే. కరువు సీమ అని పేరు పడిన మన ఊళ్లలో ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపే అలవాటు ఎప్పుడూ లేదు. ఆ మంచితనం మన భాష రాని మనిషి దాకా కూడా పోవాలని నా కోరిక.

ఈ వారం చేయాల్సిన పని

పాస్‌పోర్టు లేనివాళ్లు ముందు దరఖాస్తు చేయండి. ఒక సంఘం ఎంచుకుని, ఆదివారం కూర్చుని ప్రొఫైల్ పూర్తి చేయండి. గండికోటకు రావాలనుకుంటున్న యాత్రికులు ఎవరైనా ఉన్నారేమో అందులో వెతికి, ఉన్నవాళ్లకు ‘వస్తే చెప్పండి, కోట చూపిస్తాను’ అని రాయండి. ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి. విమానం టికెట్టు సంగతి ఆ తర్వాత చూద్దాం.